నాయనమ్మ గుమ్మంలో నిలబడి చూస్తున్నట్టే ఉండండి

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కోయిలకొండ వైపు మీ ఊళ్లో నలుగురు స్నేహితులు కలిసి ఆరు నుంచి పదో తరగతి దాకా ముప్పై మంది పిల్లలకు సాయంత్రం చదువు చెబుతున్నారు. ఆదివారం కబడ్డీ ఆడిస్తున్నారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు మూడు వారాలుగా రాత్రిపూట మీకు వాట్సాప్‌లో మెసేజ్‌లు పెడుతోంది. మొదట లెక్కల గురించి అడిగింది, తర్వాత ఇంటి సంగతులు చెప్పింది. మొన్న "అన్నా, నీకొక్కనికే ఒక మాట చెప్పాలె, ఎవ్వలకు చెప్పనని ఒట్టెయ్" అంది. అమ్మానాన్నలు పుణెలో పనికి పోయారు, ఆ పిల్ల నాయనమ్మ దగ్గర ఉంటుంది. ఇదిలా ఉండగా ఊళ్లో ఒక పెద్దాయన "ఆడపిల్లలున్న కాడ మీ మొగపోరగాండ్లకేం పని" అన్నాడు. ఆ అమ్మాయిని బ్లాక్ చేయాలా, ఆడపిల్లలను రావద్దనాలా, అసలు సెంటరే మూసేయాలా అని అడిగారు.

మూడూ వద్దు. ముందు ఈ రాత్రి సంగతి చూద్దాం, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

ఆమెకు ఇలా రాయండి: "నీ మెసేజ్ చూశాను. నువ్వు చెప్పేది తప్పకుండా వింటాను. కానీ ఎవ్వరికీ చెప్పనని ఒట్టు వెయ్యలేను. నీకు సాయం కావాలంటే ఇంకొకరికి చెప్పాల్సి రావచ్చు. ఎవరికి చెప్పాలన్నా ముందు నీకు చెప్పే చెబుతాను. రేపు సెంటర్‌లో అక్క కూడా ఉన్నప్పుడు మాట్లాడుకుందాం. ఇప్పుడే భయంగా ఉంటే వెంటనే ఫోన్ చెయ్, లేదా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెయ్." అక్క అంటే ఊళ్లో నమ్మకమైన ఒక ఆడమనిషి. మీ నలుగురిలో లేరు కాబట్టి రేపటికి ఒకరిని పిలుచుకోండి, ఎవరు కావచ్చో కింద చెబుతాను. పంపిన తర్వాత ఆ మెసేజ్‌లన్నీ మీ నలుగురిలో ఒకరికి చూపించండి. ఒక్కటి కూడా డిలీట్ చేయకండి. మీరు రాసిన జవాబుల్లో ఏదైనా ఎక్కువ చనువుగా ఉందనిపిస్తే, అది కూడా చూపించండి. ఆ కాసేపు సిగ్గుగా ఉంటుంది. పరవాలేదు, చూపించండి.

ఒట్టు వేయొద్దని ఎందుకంటున్నానంటే, పిల్లలు "ఎవ్వలకు చెప్పొద్దు" అని మొదలుపెట్టిన మాటలు నేను చాలా విన్నాను. కొన్నిసార్లు ఇంట్లో పెళ్లి కుదిర్చారని చెప్పేవాళ్లు. కొన్నిసార్లు ఎవరో వెంటపడుతున్నారని, ముట్టుకుంటున్నారని. కొన్నిసార్లు నాన్న తాగొచ్చి కొడుతున్నాడని. కొన్నిసార్లు "అన్నా, నువ్వంటే నాకిష్టం" అని. వీటిలో మొదటి మూడింట్లో మీరు ఊరుకుంటే పిల్ల ప్రమాదంలో ఉండిపోతుంది. ఒట్టు వేసి తర్వాత తప్పితే ఇంకెప్పుడూ ఏ పెద్దవాళ్లకూ నోరు విప్పదు. అందుకే ముందే నిజం చెప్పాలి.

నాలుగోదైతే నవ్వకండి, తిట్టకండి, స్నేహితుల దగ్గర చెప్పి ఎగతాళి చేయకండి. అమ్మానాన్నలు ఊళ్లో లేని పిల్ల, రోజూ ఓపిగ్గా మాట్లాడే మనిషి దొరికితే మనసు పెట్టుకోవడం ఆమె తప్పు కాదు. "నీకు చదువు చెప్పేవాణ్ణి, మన మధ్య ఉండేది ఆ సంబంధమే, అది మారదు" అని ఒక్కసారి, స్పష్టంగా, మెత్తగా, అక్క ఎదురుగా చెప్పండి. తర్వాత రోజు ఎప్పటిలాగే లెక్కలు చెప్పండి.

ఇక్కడ చట్టం సంగతి కూడా తెలియాలి. మీ నలుగురిలో ఒకరికి పంతొమ్మిదేళ్లని రాశారు. డిగ్రీ చదివే కుర్రాడికి ఇంటర్ చదివే అమ్మాయి తన ఈడుదే అనిపిస్తుంది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నుంచి అమల్లో ఉంది. దాని లెక్కలో 18 ఏళ్లు నిండని ప్రతి ఒక్కరూ పిల్లలే, ఆడపిల్లైనా మగపిల్లాడైనా. "ఇద్దరికీ ఇష్టమే" అన్న మాట అక్కడ చెల్లదు. పైగా పిల్లలు నమ్మి వచ్చే స్థానంలో ఉన్నవాడు, పిల్లలకు సేవలందించే సంస్థలో పనిచేసేవాడు తప్పు చేస్తే శిక్ష ఇంకా ఎక్కువ. మీరు జీతం తీసుకోకపోయినా ఆ పిల్లలకు మీరు సార్లే. ఈ మాట ఆ తమ్ముడికి అర్థమయ్యేలా మీరే చెప్పాలి.

కొన్ని ఊళ్లలో పెద్దలు దీనికి ఒక సులువైన మార్గం చెబుతారు: రాఖీ కట్టించండి, అన్నాచెల్లెళ్లైపోతారు, ఇక ఏ ఇబ్బందీ ఉండదు అని. మేమూ ఒక ఏడాది కట్టించాం. రాఖీ మంచి పండగే, కానీ అది కాపలా కాయదు. "మా అన్నే కదా" అని పిల్లలూ, తల్లిదండ్రులూ చూడాల్సినవి చూడడం మానేశారు. కాపలాకు వేరే ఏర్పాటు కావాలి.

నేను దేవరకొండ ప్రాంతపు తండాల్లో మొదలుపెట్టి, తర్వాత అచ్చంపేట, కల్వకుర్తి వైపు ఊళ్లలో ఇరవై రెండేళ్లుగా సాయంత్రం బడులూ ఎండాకాలం శిబిరాలూ నడుపుతున్నాను. ఇన్నేళ్లకు నాకు స్థిరపడిన లెక్క ఒకటే. ఒక పిల్లతోనో పిల్లాడితోనో మీరు ఏ పని చేస్తున్నా, ఏ మాట అంటున్నా, ఆ బిడ్డ నాయనమ్మ గుమ్మంలో నిలబడి చూస్తున్నా అలాగే చేయగలగాలి, అనగలగాలి. ఆమె కనబడగానే ఆపేయాల్సి వచ్చేదేదీ, మార్చి చెప్పాల్సి వచ్చేదేదీ మొదలే పెట్టొద్దు. పిల్లలతో నవ్వండి, ఆడండి, ఏడిస్తే పక్కన కూర్చోండి. వాళ్లకు దూరంగా ఉండమని నేను అనడం లేదు. మన పాలమూరు పిల్లలకు పెద్దవాళ్లు దూరమవడం కొత్త కాదు. అమ్మానాన్నలు ముంబైకో, పుణెకో, హైదరాబాదుకో వలస పోతే ముసలమ్మల దగ్గర మిగిలిన పిల్లలు వీళ్లు. భయపడి మీరూ దూరం జరిగితే వాళ్లకు ఇంకెవరున్నారు? కానీ ఇదే సంగతి చెడ్డ ఉద్దేశం ఉన్నవాడికీ తెలుసు. ఏ బిడ్డకు అడిగేవాళ్లు లేరో వాడు ముందు కనిపెడతాడు. అందుకే దగ్గరగా ఉంటూనే అందరికీ కనబడేలా ఉండాలంటున్నాను.

నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కింద పిల్లలను నల్లగొండ పక్కన పానగల్లుకు తీసుకెళ్లాం, ఛాయా సోమేశ్వరాలయం చూపించడానికి. గర్భగుడిలో లింగం వెనక పగలంతా కదలకుండా నిలబడే ఆ నీడ స్తంభానిదా, ఏ స్తంభానిది అని పిల్లలు పోట్లాడుకుంటూ, చేతులు అడ్డం పెట్టి చూస్తూ, అక్కణ్ణుంచి కదల్లేదు. బస్సు తప్పిపోయింది. కొండమల్లేపల్లిలో దిగేసరికి చీకటి పడింది. అందరినీ ఆటోల్లో సర్దాం. ఇంటర్ మొదటి ఏడాది చదివే అమ్మాయి ఒక్కతే మిగిలింది, ఆమె తండా వేరే దారి. నా బండి అక్కడే ఉంది. ఎక్కించుకుని తండా దాకా దింపి వచ్చాను. దారిలో మేం మాట్లాడుకుంది ఆ నీడ గురించే. నా మనసులో ఏ దోషమూ లేదు కాబట్టి ఆలోచించాల్సింది ఏమీ లేదనుకున్నాను.

వారం తర్వాత ఆ అమ్మాయి రావడం ఆగిపోయింది. తండా మొదట్లో కూర్చున్న వాళ్లు చూశారు, మాట ఇంటికి చేరింది, వాళ్ల నాన్న ఆమెను కాలేజీ కూడా మాన్పించాలనుకున్నాడు. నేనూ, మాతో పనిచేసే ఒక అక్కా కలిసి మూడుసార్లు తండాకు వెళ్తే గానీ కాలేజీకి పంపలేదు. మా దగ్గరికి మాత్రం మళ్లీ రాలేదు. నేను మంచివాణ్ణా కాదా అన్న దానితో ఆ పిల్లకు ఒరిగిందేమీ లేదు, నష్టం మాత్రం ఆమెకే జరిగింది. ఆ రాత్రి నేను చేయాల్సింది చిన్న పని. వాళ్ల ఇంటికి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా బస్టాండు వెలుతుర్లో ఇంకో వాలంటీర్‌తో కలిసి కూర్చోవడం. గంట పట్టేది. అప్పటినుంచి మా దగ్గర ఎవరూ ఒక్క పిల్లనో ఒక్క పిల్లాడినో బండి మీద ఎక్కించుకోరు. వానొచ్చినా, పొద్దుపోయినా అంతే. మీరూ ఇది పెట్టుకోండి. దెబ్బ తగిలి ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తే సంగతి వేరు, అప్పుడు ఎవరి బండైనా సరే, దారిలోనే ఇంటికి ఫోన్ చేసి చెప్పండి.

రెండో తప్పు దీనికంటే పెద్దది. చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు.

మా దగ్గర ఒక వాలంటీర్ ఉండేవాడు. బాగా చెబుతాడు, పాటలు పాడతాడు, ఎవరికంటే ముందు వస్తాడు, అందరికంటే ఆఖరున వెళ్తాడు. ఏడో తరగతి పిల్లాడు ఒకడి మీద ప్రత్యేకంగా అభిమానం చూపేవాడు. బూట్లు కొనిచ్చాడు, ఫోన్ రీచార్జ్ చేయించాడు, సెంటర్ మూశాక కూడా కూర్చోబెట్టి చదివించేవాడు. మేమంతా "ఎంత మంచోడు" అనుకున్నాం. ఒకరోజు నేను గిన్నెలు సర్దుతుంటే ఆ పిల్లాడు వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. కాలి బొటనవేలితో నేల మీద గీతలు గీస్తూ, "సార్, ఆ సార్ ఉన్న రోజు నేను రాను" అన్నాడు. నేను తలెత్తకుండానే, "ఎందుకురా, హోంవర్క్ చెయ్యలేదా?" అన్నాను. వాడు కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. ఆ గీతలు నాకు ఇప్పటికీ కళ్ల ముందు కనబడతాయి. అసలు సంగతి ఐదు నెలల తర్వాత వాడి చిన్నమ్మ ద్వారా బయటపడింది. ఐదు నెలలు, తమ్ముడూ. ఆ రోజు గిన్నె కింద పెట్టి, కూర్చుని, "చెప్పు నాయనా" అని ఉంటే ఆ ఐదు నెలలు వాడికి తప్పేవి.

దీన్నుంచి మీరు తీసుకోవాల్సినవి ఉన్నాయి. మగపిల్లాడికేమవుతుంది అనుకోకండి, అవుతుంది. వాళ్లు ఆడపిల్లలకన్నా తక్కువగా చెబుతారు. ఒక్క బిడ్డకే బహుమతులు, ఒక్క బిడ్డకే అదనపు సమయం, అందరూ వెళ్లాక ఇద్దరే మిగలడం, ఫోన్‌లో విడిగా మాటలు, "ఇది మనిద్దరికే తెలియాలి" అనడం, ఇవి కలిసి కనబడితే ఆ మనిషి ఎంత మంచివాడైనా అదే రోజు అడగండి. ఇవ్వాలనుకుంటే అందరికీ ఇవ్వాలి, లేదంటే సెంటర్ పేరున, ఇంటివాళ్లకు చెప్పి ఇవ్వాలి. మీరు ఆ అమ్మాయికి రాత్రిపూట జవాబులు రాస్తూ వచ్చారే, అదీ ఈ కోవలోకే వస్తుంది. మీ ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. పక్కనుంచి చూసేవాడికి మాత్రం మంచివాడి మెసేజూ చెడ్డవాడి మెసేజూ మొదటి మూడు వారాలు ఒక్కలాగే ఉంటాయి. ఆ పిల్లకు కూడా అలాగే ఉంటాయి. రాత్రి విడిగా రాసే పెద్దవాడు మంచివాడని మీ దగ్గర నేర్చుకుంటే, రేపు ఇంకొకడు రాసినప్పుడు ఎలా గుర్తుపడుతుంది?

ఇకనుంచి విడి మెసేజ్‌లు ఆపండి. ఒక గ్రూప్ పెట్టి అందులో ఇద్దరు వాలంటీర్లనూ తల్లిదండ్రుల నంబర్లనూ చేర్చండి. వలస వెళ్లినవాళ్లకు కూడా ఫోన్ ఉంటుంది, పుణెలో కూర్చుని కూడా బిడ్డ ఏం చదివిందో చూసుకుంటారు. మా దగ్గర రాత్రి ఎనిమిది తర్వాత చదువు సంగతులకు జవాబు ఇవ్వం. ఆపద సంగతైతే ఏ వేళైనా ఫోన్ ఎత్తుతాం, పొద్దున్నే తోటి వాలంటీర్‌కు చెబుతాం. ఇన్‌స్టాలో పిల్లల ఖాతాలను ఫాలో కావొద్దు, వాళ్ల స్టేటస్‌లకు గుండె గుర్తులు పెట్టొద్దు.

పిల్ల నోరు విప్పినప్పుడు ఎలా వినాలో కూడా చెబుతాను, ఎందుకంటే నాకు ఎవరూ చెప్పలేదు. నలుగురికీ కనబడేచోట, మాట మాత్రం వినబడనంత దూరంలో కూర్చోండి. వరండా చివర, చెట్టు కింద. అక్కను తోడు పెట్టుకోండి. బిడ్డ అక్కతోనే చెబుతానంటే మీరు లేచి వెళ్లండి. మధ్యలో ఆపొద్దు. "అటెందుకు పోయినవ్?", "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అనొద్దు. ఆ ప్రశ్నలు బిడ్డకు తిట్లలా తగులుతాయి. వివరాలు గుచ్చి గుచ్చి అడగొద్దు, అవి అడగడం నేర్చుకున్న అధికారులు అడుగుతారు. మీరు పదిసార్లు చెప్పిస్తే బిడ్డ పదిసార్లు నలుగుతుంది. వీడియో తీయొద్దు. "నువ్వు చెప్పి మంచిపని చేసినవ్. ఇండ్ల నీ తప్పేం లేదు" అని మాత్రం తప్పకుండా అనండి. ఆ రోజే, ఆ బిడ్డ వాడిన మాటలతోనే, తేదీ వేసి ఒక కాగితం మీద రాసుకుని భద్రపరచండి.

లైంగికంగా ఏదైనా జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం వచ్చినా, పోలీసులకు చెప్పడం మీ ఇష్టాయిష్టాల మీద లేదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతి మనిషీ చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు ఉండొచ్చు, సంస్థను నడిపే బాధ్యుడైతే తన కింద పనిచేసేవాడి సంగతి దాచినందుకు ఏడాది దాకా. నిజమని నమ్మి చెప్పినవాళ్ల మీద కేసులు పెట్టకుండా అదే చట్టం కాపాడుతుంది. ఠాణాకు వెళ్లడం భయమైతే 1098కి చేయండి. ఆ నంబర్ రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు పడదు. జిల్లా కేంద్రంలో బాలల పరిరక్షణ విభాగం, బాలల సంక్షేమ కమిటీ ఉంటాయి, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం ఉంటుంది. బిడ్డ వాంగ్మూలం ఇంటి దగ్గరో, ఆమె కోరిన చోటనో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి, యూనిఫాం వేసుకుని రాకూడదు. ఏ బిడ్డనూ రాత్రిపూట ఠాణాలో ఉంచకూడదు. ఇవన్నీ ఇంటివాళ్లకు ముందే చెబితే సగం భయం పోతుంది.

ఊళ్లో వెంటనే వచ్చే మాట ఒకటుంది: "కేసులెందుకు, కూసోని తెంపుకుందాం." పెద్దమనుషులు కూర్చుంటారు, ఇంత జరిమానా అంటారు, పిల్ల పరువు పోతుందంటారు. ఆ పంచాయితీలో కూర్చోకండి, సాక్షిగా కూడా నిలబడకండి. ఈ నేరం డబ్బుతో తెంపుకునేది కాదు. బిడ్డ పేరు, ఊరు, బడి, ఫోటో ఎక్కడా బయటకు రాకూడదని చట్టంలోనే ఉంది, కాబట్టి పరువు పేరు చెప్పి ఎవరూ మిమ్మల్ని ఆపలేరు. మీ గ్రూప్‌లో కూడా "ఫలానా అమ్మాయి" అని రాయకండి. నిందపడ్డవాణ్ణి మీరే నిలదీయడానికి వెళ్లకండి, ముందే జాగ్రత్తపడతాడు, బిడ్డను బెదిరిస్తాడు. ఆ క్షణం నుంచి పిల్లల దగ్గరికి రానివ్వకుండా చూడడం మాత్రం మీ పని.

పెళ్లి కుదిర్చిన సంగతైతే, అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండకపోతే 2006 నాటి బాల్యవివాహ నిరోధక చట్టం వర్తిస్తుంది. దానికీ 1098 పనిచేస్తుంది. ఫోన్ చేసేముందు ఆ అమ్మాయితో మాట్లాడండి, ఇంట్లో ఆమెకు ఆ రాత్రి దెబ్బలు తగలకుండా ఎవరిని దగ్గర ఉంచాలో చూసుకోండి.

ఇప్పుడు ఆ పెద్దాయన మాట. ఆయన మీద కోపం పెట్టుకోకండి. మాట మొరటుగా ఉన్నా, ఆయన అడిగింది సరైన ప్రశ్నే: ఆడపిల్లలున్న చోట ఆడమనిషి ఏది? నలుగురూ మగవాళ్లే ఉన్న సెంటర్‌కు నేనైనా నా కూతుర్ని పంపను. అందుకే ముందు ఒక ఆడమనిషిని తోడు తెచ్చుకోండి. పదో తరగతి తప్పిన అమ్మాయి కావచ్చు, ఆశా అక్క కావచ్చు, అంగన్‌వాడీ టీచర్ కావచ్చు, మహిళా సంఘంలో ఒకామె కావచ్చు. ఆమెకు చదువు రానవసరం లేదు. మా సెంటర్లలో ఒకచోట ఒక అవ్వ రోజూ సాయంత్రం చాటలో కందులు చెరుగుతూ తలుపు దగ్గర కూర్చునేది. పిల్లల పాఠం ఆమెకు అర్థం కాలేదు గానీ ఎవరెప్పుడు వచ్చారు, ఎవరు ముఖం మాడ్చుకుని వెళ్లారు అన్నీ ఆమెకు తెలుసు. ఒక అమ్మాయికి హఠాత్తుగా నెలసరి వస్తే మాకంటే ముందు ఆమే చూసి లోపలికి తీసుకెళ్లింది. అక్కో అవ్వో లేని రోజు సెంటర్ తెరవకండి. ఇద్దరు పెద్దవాళ్లు లేని రోజు అసలే తెరవకండి. తలుపులు, కిటికీలు తెరిచే ఉంచండి.

కబడ్డీలో పట్టుకోకుండా ఎలా అని అడుగుతారని తెలుసు. పట్టు చూపించాలంటే ముందు ఇంకో వాలంటీర్ మీద చూపించండి. తర్వాత పిల్లలు ఒకరి మీద ఒకరు చేస్తారు. సరిచేయాల్సి వస్తే "మోకాలు పట్టుకుని చూపిస్తా, సరేనా?" అని అడిగి, అందరి ముందూ, చేతో కాలో మాత్రమే. బిడ్డ వెనక్కి జరిగితే వదిలేయండి, కారణం అడగొద్దు. ఆడపిల్లల జట్టుకు అక్కే నేర్పాలి. ఎండాకాలం బావిలో ఈత నేర్పేటప్పుడూ అంతే. పొట్ట కింద చెయ్యి పెట్టి నేర్పడం మన ఊళ్లలో మామూలే, కానీ నడుముకు తాడో ఖాళీ క్యానో కట్టి గట్టు మీద ఇద్దరు పెద్దవాళ్లు నిలబడితే ఆ అవసరమే ఉండదు, మునిగే భయమూ తగ్గుతుంది. గాయానికి మందు రాయడం, ఏడ్చే చిన్నపిల్లాడి భుజం మీద చెయ్యి వేయడం తప్పు కాదు. అందరి ముందూ చేయండి, అంతే.

కొట్టడం సంగతి. తల్లిదండ్రులే వచ్చి "కొట్టుండ్రి సార్, మేమేం అనం" అంటారు. వాళ్లు అనుమతిస్తే సరిపోతుందనుకోకండి. 2009 విద్యాహక్కు చట్టం బడిలో దెబ్బలనూ, మనసు నొచ్చే శిక్షలనూ నిషేధించింది. బడిలో సార్ చేయకూడనిది సాయంత్రం మీరు ఎలా చేస్తారు? గుంజీలు, గోడకుర్చీ, ఎండలో నిలబెట్టడం ఏవీ వద్దు. నేను పనిచేసిన చోట దీనికి ఇంకో కారణం కూడా ఉండేది. మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పిల్లలకు కీళ్లు పట్టేసి ఉండేవి. "గుంజీలు సరిగ్గా తియ్యవేం" అని ఒక కొత్త వాలంటీర్ అరిచాడు. ఆ పిల్లాడు మోకాళ్లు వంగక, చెప్పుకోలేక నిలబడ్డాడు. ఫోటోలు తీసేటప్పుడు కూడా అలాగే. "నవ్వండి, నవ్వండి" అంటుంటే పళ్ల మీద గార ఉన్న పిల్లలు చేత్తో నోరు మూసుకునేవాళ్లు. మేం "చెయ్యి తియ్" అనేవాళ్లం. ఎన్ని ఫోటోల తర్వాత మాకు తెలిసింది!

కాబట్టి ఫోటోలు తక్కువ తీయండి, ఇంటివాళ్లను అడిగి తీయండి, గుంపుగా తీయండి. పుట్టినరోజు కేకుతో వచ్చే దాతలు ఒక పిల్లను పక్కన నిలబెట్టుకుని "నిరుపేద బాలికకు సాయం" అని ఫేస్‌బుక్‌లో పెడతామంటే వద్దని చెప్పండి. దాత నొచ్చుకుంటే నొచ్చుకోనీయండి. వచ్చిన అతిథిని పిల్లలతో ఒంటరిగా వదలొద్దు, ఆయన ఎంత పెద్ద మనిషైనా సరే.

చిన్నవి కొన్ని. కల్లు తాగి, గుట్కా నములుతూ సెంటర్‌కు రావొద్దు. రోజూ అదే వాడ పిల్లలతో ఊడిపించి, అదే పిల్లలతో నీళ్లు మోయించకండి. వంతులు రాసి గోడకు అతికించండి, అందులో మీ పేర్లూ ఉండాలి. తండా పిల్లల మాటనూ పేర్లనూ వెక్కిరించే వాలంటీర్‌ను ఒకసారి చెప్పి చూడండి, మారకపోతే పంపేయండి.

కొత్తవాళ్లను చేర్చుకునేటప్పుడు "మా బావమరిదే" అన్న మాట సరిపోదు. ఇంతకుముందు ఎక్కడ పనిచేశాడో అక్కడ ఇద్దరిని అడగండి, పాత చోటు ఎందుకు వదిలాడో అడగండి. మొదటి రెండు నెలలు ఎవరితోనూ ఒంటరిగా ఉంచకండి. మేం ఆ వాలంటీర్ ముందు పనిచేసిన చోటికి ఒక్క ఫోన్ చేసి ఉంటే చాలా సంగతులు ముందే తెలిసేవి. చేయలేదు.

ఇలా ఇన్ని చెబితే ఎవరు వస్తారని మీ స్నేహితుడు అన్నాడని రాశారు. వస్తారు. మా దగ్గర ఈ నియమాలు చదివి వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు, వాళ్ల గురించి నేను బాధపడలేదు. ఉన్నవాళ్లు ధైర్యంగా పనిచేస్తారు, ఎందుకంటే ఊళ్లో ఎవరు అడిగినా జవాబు ఉంటుంది.

సెంటర్ మూయకండి. ఈ ఆదివారం కబడ్డీ ఆపి, గ్రామపంచాయతీ దగ్గర తల్లిదండ్రులను, అవ్వలను, ఆ పెద్దాయనను కూడా కూర్చోబెట్టండి. మీరు పెట్టుకున్న నియమాలు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, మీ నలుగురూ సంతకాలు పెట్టండి. మేం తప్పు చేస్తే ఎవరికి చెప్పాలో కూడా అందులో రాయండి, మీలో ఒకరి పేరు కాకుండా బయటివాళ్ల పేరు. 1098 గోడ మీద పెయింట్‌తో రాయించండి, పిల్లల కంటికి అందే ఎత్తులో. ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి నాయనమ్మను మీరే ఇంటికి వెళ్లి పిలవండి, అక్కను వెంటబెట్టుకుని. అంతకుముందే ఆ పిల్ల మాట విని ఉండండి, ఇంట్లో వాళ్ల మీదే ఏదైనా చెప్పి ఉంటే ఆ పిలుపు ఆపి ముందు 1098తో మాట్లాడండి. నాయనమ్మకు చదువు రాకపోతే కాగితం ఆమె చేతికిచ్చి ఊరుకోకండి, పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించండి.